అన్నం తిన్నాక చదవాల్సిన వాక్యం

మా పల్లెలో ఉత్తరాలు చదివిపెట్టే పని నాది. ఎవరూ వేసిన ఉద్యోగం కాదు. టీచరు ట్రైనింగు పూర్తిచేసి ఊళ్ళో మిషను బడిలో చేరిన వారానికే, సాయంత్రం నేను చెప్పులు విప్పేసరికి మా అరుగు మీద ఇద్దరో ముగ్గురో ఇన్లాండు కవర్లు పట్టుకుని కూర్చుని ఉండేవాళ్ళు. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. నోటి దురుసు వయసుకు మించి ఉండేది. "కాళ్ళు కడుక్కుని వస్తా ఉండండి, కవర్లో మీవాడేం పారిపోడు" అనేదాన్ని. వాళ్ళు నవ్వేవాళ్ళు. చదివిపెట్టేదాన్ని కోప్పడితే ఉత్తరం చదవదని వాళ్ళకు తెలుసు.

ఈ పనికి ఒక పద్ధతి ఉంది. అది అమ్మ పెట్టింది. అమ్మకు అక్షరం ముక్క రాదు గానీ ఉత్తరం ఎలా చదవాలో నాకంటే బాగా తెలుసు. మంచి సంగతులు ముందు చదవాలి. చెడ్డ సంగతి ఉంటే ఆ వాక్యం దగ్గర తడబడకుండా దాటిపోవాలి. వాళ్ళు ఇంటికెళ్ళి అన్నం తిన్నాక, మనమే లేచి వెళ్ళి, వదిలేసిన ఆ వాక్యం చదివి రావాలి. "కాలే కడుపు మీద చెడ్డ కబురు చెప్పమాక. అన్నం తిన్న మనిషికి ఏడవడానికన్నా ఓపికుంటది" అనేది. వదిలేసిన వాక్యం చదవకుండా నేను పడుకోబోతే మాత్రం ఊరుకునేది కాదు. దుప్పటి లాగి, చేతికి కవరిచ్చి, వీధిలోకి తోసేది.

ఎదురింటి ముసలామె కొడుకు నిజామాబాదు వైపు చెరుకు పనికి పోయాడు. వాడు రాసిన ఉత్తరంలో, తాను కులాసా, అక్కడ వానలు బాగున్నాయి, తానిక రాడు, అక్కడే ఒక పిల్లను చేసుకున్నాడు అని ఉంది. కులాసా, వానలు అరుగు మీద చదివాను. ముసలామె సంతోషంగా పోయి గోంగూర పచ్చడి వేసుకుని అన్నం తింది. అప్పుడు వెళ్ళి మిగతా సగం చదివాను. ఆమె కొడుకును ఒక్క మాట అనలేదు. నన్నూ, నా చదువునూ, నాకు చదువు చెప్పినవాళ్ళనూ కలిపి తిట్టింది. రాసినవాణ్ణి వదిలేసి చదివినదాన్ని తిట్టడం మా పల్లెలో మామూలే. అమ్మ మాత్రం "బాగానే చదివావు" అంది. ఇలాంటి చదువులన్నిటికీ అమ్మ నా పక్కనే కూర్చుని, చేటలో బియ్యం ఏరుకుంటూ వినేది.

కొత్తగా మండలాలు వచ్చిన ఏడాదో, ఆ మరుసటి ఏడాదో, అమ్మకు ఆయాసం ముదిరింది.

అమ్మది మిరప కల్లాల్లో కాయలేరే పని. ఎండబెట్టిన కాయల రాశి ముందు ఆడవాళ్ళంతా వరసగా కూర్చుని, తాలుకాయలు ఒక పక్కకు, ఎర్రకాయలు ఒక పక్కకు తీస్తారు. ముక్కుకు కొంగు చుట్టుకున్నా ఘాటు ఎక్కడికి పోవాలో అక్కడికి పోతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు తుమ్ముతారు, పాతవాళ్ళు దగ్గుతారు. అమ్మ ఇరవై ఏళ్ళ పాతది. మొదట్లో ఏడాదికోసారి వచ్చే పిల్లికూతలు ఆ శివరాత్రికల్లా రోజూ వస్తున్నాయి. ఒకనాడు మిట్టమధ్యాహ్నం కల్లంలోనే ముందుకు వాలిపోయింది. పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయట. కాయల బస్తాలు దించిన ఎడ్లబండి మీదే పడుకోబెట్టి ఆర్ఎంపీ దగ్గరకు తీసుకుపోయారు. నేను బడి నుంచి పరుగెత్తి వెళ్ళేసరికి ఆయన సూది వేసి, చెమట తుడుచుకుంటున్నాడు.

"ఇక నా సూదికి లొంగదమ్మా. ఇంకోసారి ఇట్టా వస్తే నా వల్ల కాదు. గుంటూరు తీసకపో" అన్నాడు. తన వల్ల కాదని ఆ ఆర్ఎంపీ ఎవరితోనూ అనగా నేను వినలేదు.

ఆ సోమవారం గుంటూరులో ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు చిన్నవాడే, నాకంటే ఐదారేళ్ళు పెద్ద. అమ్మ చేత ఒక గొట్టం ఊదించాడు. అందులో ముల్లు కదిలింది గానీ పెద్దగా ఏం కదల్లేదు.

"మిరపకాయల పని మానెయ్యాలమ్మా" అన్నాడు.

"మానేసి ఏం ఏరమంటారయ్యా, ముత్యాలా?" అంది అమ్మ. ఆ మాటకు మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకుంది.

డాక్టరు నవ్వకుండా రాసుకున్నాడు. తరవాత నాతో చెప్పాడు. ఆయాసానికి కొత్త బిళ్ళ ఒకటి వచ్చిందట. అది పని చేస్తుందో లేదో చూస్తున్నారట. ఆరు నెలలు పూటకొక బిళ్ళ చొప్పున రోజుకు రెండు మింగాలి, సోమవారం సోమవారం వచ్చి గొట్టం ఊదాలి. ఇష్టమైతేనే. ఇష్టం లేకపోతే అందరికీ ఇచ్చే మందే ఇస్తారు. "ఇందులో అంతా ఉంది. మీరు టీచరంటున్నారుగా, ఇంటి దగ్గర నిదానంగా చదివి అమ్మకు చెప్పండి. వచ్చే సోమవారం అడుగుతాను" అని సైక్లోస్టైలు తీసిన రెండు కాగితాలు చేతిలో పెట్టాడు. బయట వరస గేటు దాకా ఉంది. ఆయన్ను తప్పుపట్టను.

బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుని గాలి పీల్చుకుంటోంది. పెదకాకాని దగ్గర బస్సాగినప్పుడు నేను రెండో కాగితం తిప్పాను. పై వరసలోనే ఉంది: "పాల్గొనువారిలో సగము మందికి ఔషధము లేని మాత్రలు ఇవ్వబడును. ఎవరికి ఏవి ఇవ్వబడినవో రోగికి గాని, వైద్యునకు గాని తెలియపరచబడదు." దాన్ని రెండుసార్లు చదివి కాగితం మడిచి సంచిలో పెట్టాను.

ఇంట్లో పంచాయితీ మొదలైంది. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసి, అంతా ప్రభువు చిత్తం అన్నారు. ఆ మాట అవునులోకి వస్తుందో కాదులోకి వస్తుందో నాకు అర్థం కాలేదు. నాన్నను ఎవరూ అడగలేదు. తనను అడగలేదని ఆయన కూడా అనుకోలేదు, బయట కూర్చుని పలుపుతాడు పేనుకున్నాడు. బుధవారం దర్శి వైపు నుంచి మావయ్య దిగాడు. అమ్మకు తమ్ముడు. కౌలుకు పత్తి వేస్తాడు. ఐదో తరగతి దాకా చదివాడు గానీ ఇప్పటికీ అక్షరం మీద వేలు పెట్టి, కూడబలుక్కుని చదువుతాడు. మాట మాత్రం చెరువు అవతలికి వినపడుతుంది.

"ఏందే అక్కా, నీ మీద మందు చూస్తారంటనే? పిల్లికి చెలగాటం, ఎలక్కి ప్రాణసంకటం. ఆళ్ళకి ఎలకలైపోయినట్టున్నయ్" అన్నాడు గుమ్మంలోనే.

"లోపలికొచ్చి అరవొచ్చుగా" అన్నాను.

"నీకు తెలవదమ్మాయ్. నిరుడు నా చేలో ఇదే జరిగింది. పురుగుమందు కంపెనీవోడొచ్చి నాలుగు సాళ్ళకి కొత్త మందు కొట్టాడు. పక్క నాలుగు సాళ్ళకి కొట్టొద్దన్నాడు, తేడా తెలవాలంట. తాడు కట్టి బోర్డు పెట్టాడు. కొట్టిన సాళ్ళు పచ్చగా లేచినయ్. కొట్టని సాళ్ళని పురుగు మోళ్ళు చేసింది. ఆడేం చేశాడో తెలుసా? ఆ మోళ్ళ ముందు నన్ను నిలబెట్టి ఫోటో తీశాడు. నవ్వమన్నాడు కూడా."

"నవ్వావా?" అంది అమ్మ.

"ఫోటో గదే, నవ్వక ఏం జేస్తాం."

అమ్మ చేటలో చెయ్యి ఆపింది. "అయితే మనుషులక్కూడా కొట్టని సాలు ఉంటదా?" అని నన్ను అడిగింది. మావయ్యను కాదు, నన్ను.

"మనుషులకు అలా ఎందుకు చేస్తారే? పత్తీ మనుషులూ ఒకటా?" అన్నాను. చాలా మామూలుగా వచ్చింది ఆ మాట. బళ్ళో పిల్లలు తెలివైన ప్రశ్న అడిగినప్పుడు కూడా నాకు అలాగే వస్తుంది.

ఇక్కడ నన్ను నేను వెనకేసుకు రావాలి, ఇంకెవరూ రారు కాబట్టి. నా లెక్క నాకుంది. అమ్మ ఆ ఆసుపత్రికి మామూలుగా పోదు. రెండోసారి పోతే మూడోసారి "తగ్గిందిలే" అని కల్లానికి పోతుంది. ఇందులో చేరితే ఆరు నెలలు ప్రతి సోమవారం ఒక డాక్టరు ఆమె ఊపిరి చూస్తాడు. బిళ్ళలో మందుంటే మంచిది, లేకపోయినా డాక్టరుంటాడు. సగం మందికి మందుండదన్న మాట చెబితే మావయ్య కొట్టని సాలు పట్టుకుంటాడు, అమ్మ భయపడుతుంది, కథ కంచికి పోతుంది. ఇంకోసారి కల్లంలో వాలిపోతే ఆర్ఎంపీ తన వల్ల కాదన్నాడు. అమ్మ చచ్చిపోతుందని నాకు భయం. అంతకంటే గొప్ప కారణమేం లేదు.

గురువారం సాయంత్రం చదివాను. మావయ్య పక్కనే బీడీ కాలుస్తున్నాడు. కాగితం పుస్తకాల తెలుగులో ఉంది, "పొందుపరచబడిన", "సమ్మతించుచున్నాను" లాంటివన్నీ. ఆ భాష అమ్మకు ఎక్కదు కాబట్టి నేను ఒక్కో వాక్యం చూసుకుంటూ మా మాటల్లో చెబుతూ పోయాను. రోజుకు రెండు బిళ్ళలు. సోమవారం గొట్టం. నెత్తురు రెండుసార్లు తీస్తారు. కడుపులో తిప్పొచ్చు, నోరు చేదెక్కొచ్చు. రెండో కాగితం తిప్పాను. పై వరస కనిపించింది. నా చూపు ఆగకుండా కిందికి జారి, సంతకాల దగ్గర ఆగింది. "ఇష్టపడి ఒప్పుకున్నానని వేలిముద్ర వెయ్యాలి" అన్నాను.

"అయిపోయిందా?" అంది అమ్మ.

"అయిపోయింది."

"సరే. అన్నం తిందాం పదండి" అని లేచింది.

ఆ రాత్రి తిన్నాం. శుక్రవారం తిన్నాం. శనివారం, ఆదివారం తిన్నాం. తిన్న ప్రతిసారీ అమ్మ చెయ్యి కడుక్కుని, లేవకుండా, నా ఎదురుగా కాసేపు కూర్చునేది. "ఏం కావాలే?" అని అడిగాను ఒకసారి. "ఏం లేదు" అంది. ఆయాసం వల్ల లేవలేకపోతోందనుకున్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు.

సోమవారం ముగ్గురం గుంటూరు బస్సెక్కాం. మావయ్య పిలవకపోయినా వచ్చాడు, వద్దని డాక్టరు మొహాన చెప్పడానికట. దారి పొడుగునా ఏం చెప్పబోతున్నాడో చెబుతూనే ఉన్నాడు. బస్సంతా విన్నది.

డాక్టరు గది బయట బెంచీ మీద పదిమంది ఉన్నారు. మా వంతు రాగానే ఆయన అమ్మను కూర్చోబెట్టి, "అమ్మాయి గారు కాగితం అంతా చదివి చెప్పారామ్మా?" అని అడిగాడు. అది ఆయన అందరినీ అడిగే ప్రశ్న. అందరూ చెప్పే జవాబు కూడా ఉంటుంది. దాని కోసం పెన్ను రెడీగా పట్టుకున్నాడు.

"చెప్పిందయ్యా" అంది అమ్మ. "ఒక్క ముక్క తప్ప."

డాక్టరు నా వైపు చూశాడు. మావయ్య కూడా చూశాడు. తలుపు దగ్గర నర్సు కూడా.

"ఏ ముక్క?" అన్నాను. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి అప్పటికే సంచి మీద ఉంది.

"నాకేం తెలుసు, చదివిందానివి నువ్వు. రెండో కాయితం తిప్పంగానే నీ గొంతు సన్నబడింది. ఎదురింటామె కొడుకు ఉత్తరమప్పుడూ అట్టాగే సన్నబడింది." ఊపిరి కోసం ఆగింది. "అన్నం తిన్నాక చదువుతావులే అనుకున్నా. నాలుగు రోజులు తింటానే ఉన్నా."

ముప్ఫైమంది పిల్లల ముందు రోజూ నిలబడేదాన్ని, నలుగురి ముందు సంచి మూతి వెతుక్కున్నాను.

"చదువు. బళ్ళో చదివినట్టు చదువు" అంది.

కాగితం తీశాను. పై వరస చదివాను. బళ్ళో చదివినట్టే, పెద్దగా. సగము మందికి ఔషధము లేని మాత్రలు. రోగికి గాని, వైద్యునకు గాని. బయట బెంచీ మీదవాళ్ళ దగ్గు ఆగింది. వాళ్ళలో సగం మందికి కూడా ఇది ఇప్పుడే తెలిసినట్టుంది.

"నే జెప్పలా! కొట్టని సాలు!" అని మావయ్య లేచాడు.

"కూర్చోరా" అంది అమ్మ. వాడు కూర్చున్నాడు. అమ్మ నా చేతిలో కాగితాలు తీసుకుని వాడి చేతిలో పెట్టింది. "మొదట్నించి చదువు. ఉన్నదున్నట్టు చదువు. తీపి చెయ్యమాక."

"నేనొద్దంటన్నా గదే అక్కా."

"అందుకే."

మావయ్య వేలు పెట్టి మొదలుపెట్టాడు. "స్వ... స్వచ్ఛం... స్వచ్ఛందముగా." వాడికి ఒత్తులంటే భయం. అక్షరం అక్షరం లాగుతూ, చుక్క వచ్చిన చోటల్లా ఆగుతూ, ఒక్కటి వదలకుండా చదివాడు. పై మూలనున్న కాగితం నంబరు కూడా చదివాడు. నర్సు రెండుసార్లు గడియారం చూసింది. ప్రతి వాక్యం దగ్గరా అమ్మ "ఇదేందయ్యా?" అని డాక్టరును అడిగింది, ఆయన ఓపిగ్గా చెప్పాడు. సగం మంది సంగతి వచ్చినప్పుడు, కొత్త మందు వల్లే తగ్గిందో ఊరికే తగ్గిందో తేలాలంటే వేరే దారి లేదని చెప్పాడు. మందున్న బిళ్ళ ఎవరికో తనకు కూడా తెలియదని, ఆ లెక్క ఇంకెక్కడో మూసిన కవరులో ఉంటుందని చెప్పాడు.

"ఇచ్చేవోడికి తెలవక, మింగేవోడికి తెలవక!" అన్నాడు మావయ్య. తరవాత వేలు కింది వరస మీదికి జరిపాడు. "పాల్గొను... వారు... తమ యిష్ట... ప్రకారము... ఏ సమయమునందైనను... విరమించు... కొన... వచ్చును. వ్యాధి... తీవ్ర... తరమైనచో... వెంటనే... సాధారణ చికిత్స... ఇవ్వబడును."

"అంటే?" అంది అమ్మ.

"అంటే ఆయాసం ఎక్కువైతే ఏ రోజైనా వచ్చెయ్యండమ్మా. ఇది ఆపేసి మామూలు మందులతో చూస్తాం. ఊరికే మానెయ్యాలనిపించినా మానెయ్యొచ్చు. ఎవరూ ఏమీ అనరు" అన్నాడు డాక్టరు.

అమ్మ నా వైపు తిరిగింది. "ఇది మంచి ముక్కే గదే. ఇదెందుకు చదవలా?"

చెడ్డ వాక్యాన్ని దాటే తొందరలో దాని కిందున్న మంచి వాక్యాన్ని కూడా దాటేశాను. అసలు అది ఉందని నేను చూడనే లేదు. ఆ ఒక్క వరసా చదివి ఉంటే, పై వరస గురువారం రాత్రే ధైర్యంగా చదివి ఉండేదాన్ని.

మావయ్య ఆ వరస మీద వేలు తియ్యలేదు. "సాలైతే లేచి బయటికి రాదు గదా. మనిషి రావొచ్చు" అన్నాడు. ఒప్పుకోవడం కాదది. ఆ మాట తనలో తాను అనుకున్నాడు, వాడి తనలో తాను కూడా వరండా చివరికి వినపడుతుంది.

"నాకు మందు లేని బిళ్ళే వచ్చిందనుకోండయ్యా," అంది అమ్మ, "నే ఊదింది మీకు పనికొస్తదా?"

"వస్తుందమ్మా. అంతే పనికొస్తుంది."

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, ఎడమచేతి బొటనవేలు చాపింది. నర్సు ఇంకు పెట్టె తెరిచింది. వేలిముద్ర శుభ్రంగా పడింది.

తరవాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఆరు నెలలూ అమ్మ సోమవారం సోమవారం గుంటూరు వెళ్ళి గొట్టం ఊదింది. కొంత తేలికపడింది. బతికింది, ఇంకా చాలా ఏళ్ళు బతికింది. బిళ్ళలో మందుందో లేదో మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. సోమవారాల్లో ఆమె వెంట ఎవరు వెళ్ళారని అడిగితే మాత్రం చెప్పాల్సి వస్తుంది: మావయ్య. దర్శి వైపు నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాడు. నేను ఊళ్ళోనే ఉన్నాను.

ఆ రోజు వేలిముద్ర కింద ఇంకో గీత మిగిలింది. పై విషయములన్నియు రోగికి సంపూర్ణముగా చదివి వినిపించబడినవి, సాక్షి. నర్సు కాగితం నా ముందుకు జరిపింది. "టీచరుగారూ, ఇక్కడ మీరు సంతకం పెట్టండి."

"అది కాదులే అమ్మా," అంది అమ్మ. కోపంగా అనలేదు. "చదివినోడు పెడతాడు" అని కాగితాన్ని నా ముందు నుంచి తీసి మావయ్య ముందు పెట్టింది.

"నాకెందుకే అక్కా, సొంత బిడ్డ పక్కనుంటే" అన్నాడు మావయ్య. వాడికి నా మొహం కనపడుతోంది.

"నువ్వే పెట్టు."

వాడు చొక్కా జేబు తడుముకున్నాడు. బీడీకట్ట వచ్చింది, బస్సు టిక్కెట్టు వచ్చింది. "అమ్మాయ్, పెన్నుందా?" అన్నాడు, జీవితంలో మొదటిసారి మెల్లగా.

నా పెన్ను తీసి, మూత విప్పి ఇచ్చాను. తన పేరులో మూడక్షరాలూ వాడు రాసినంతసేపూ అమ్మ ఆ కాగితాన్నే చూస్తూ కూర్చుంది. నేను ఏడవలేదని రాసుకోవచ్చు, చూసినవాళ్ళెవరూ లేరిప్పుడు. ఏడ్చాను.